తొట్లకొండకి వెళ్తే ముందు తొట్లు చూడండి

విశాఖ నుంచి భీమిలి పోయే బీచి రోడ్డులో మంగమారిపేట దాటకముందే ఎడమచేతి వైపు కొండెక్కితే తొట్లకొండ, బౌద్ధ భిక్షువులుండిన పాత ఆరామం. మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళడం నాకున్న జబ్బు. పోయిన కార్తీకంలో మా బావ వచ్చాడు. కారు దిగి మహాస్తూపం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. సముద్రం వెనకాల వచ్చేలా నాలుగు ఫొటోలు తీయించుకున్నాడు. "వ్యూ మాత్రం అదిరిందిరా. మిగతాదంతా ఇటుకలే కదా" అన్నాడు.

ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు. మోకాలెత్తు గోడలు, వరసగా గదుల పునాదులు, మొండి స్తంభాలు, అక్కడక్కడ గుండ్రటి అరుగులు. అజంతా చూసొచ్చినవాడికి ఇది సగం కట్టి వదిలేసిన అపార్టుమెంటులా కనిపిస్తే ఆశ్చర్యమేముంది? ఇంటికొచ్చాక తట్టింది, నేనే ఆయన్ని తప్పు చోట మొదలుపెట్టించానని. కారు దిగగానే స్తూపం దగ్గరికి నడిపించాను. తొట్ల దగ్గరికి నడిపించాల్సింది.

అక్కడ చెప్పే కథ మీరూ వినే ఉంటారు. 1976లో నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది శిథిలాలు బయటపడ్డాయి. తర్వాత 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, చైత్యగృహాలనే ప్రార్థన మందిరాలు, స్తంభాల మండపం, భోజనశాల, కొట్లు, రాళ్ళు పరిచిన బాటలు, మురుగు కాలవలు, భిక్షువులుండే 72 గదుల విహారాలు వెలుగులోకి వచ్చాయి. మొత్తం 120 ఎకరాల ప్రదేశం. ఇదంతా నిజమే. నాకు పేచీ ఉన్నది 'కనుగొన్నారు' అన్న ఒక్క మాటతోనే. విమానం ఎగరక ముందు కూడా ఆ కొండ పేరు తొట్లకొండే. కొండరాతిలో తొలిచిన నీళ్ళతొట్లు ఉన్నాయి గనక ఆ పేరు. అంటే ఎవరో ఎక్కారు, చూశారు, అది ప్రకృతి చేసిన గుంట కాదనీ మనిషి తొలిచిన తొట్టి అనీ గుర్తుపట్టారు, దాన్నే కొండకి పేరుగా పెట్టుకున్నారు. మేకల్ని తోలుకెళ్ళినవాళ్ళో, కట్టెలకి వెళ్ళినవాళ్ళో. పురావస్తు నివేదికలో మొదటి వాక్యం రాసింది వాళ్ళు. సంతకం పెట్టలేదంతే.

పక్కనే బావికొండ ఉంది. దాన్ని 1982-87 మధ్య తవ్వారు. అక్కడ భరిణెలో ఒక ఎముక ముక్క దొరికింది, అది ధాతువని, అంటే బుద్ధుడి శరీర అవశేషమని భక్తుల నమ్మకం. కానీ ఊళ్ళోవాళ్ళ నోట్లో నిలిచిన పేరు ధాతువుది కాదు, బావులది. ఒక కొండకి తొట్లు, ఇంకో కొండకి బావులు. భిక్షువులు వెళ్ళిపోయారు, బుద్ధుడి పేరు మరిచిపోయారు, అక్కడ ఏ మతం ఉండేదో కూడా ఎవరికీ గుర్తు లేదు. నీళ్ళు మాత్రం గుర్తున్నాయి.

ఊరిపేర్లలో ఇలాంటివి తవ్వినకొద్దీ వస్తాయి. అనకాపల్లి దగ్గరి శంకరంలో ఉన్నది శంకరుడు కాదు, సంఘారామం, అంటే భిక్షువుల మఠం. దాని పక్కన బొజ్జన్నకొండలో ఉన్నది బుద్ధుడే అంటారు. బ్రిటిషు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే అక్కడ 1907-08లో తవ్వాడు. అమరావతి స్తూపం ఉన్న దిబ్బని జనం దీపాలదిన్నె అనేవారు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది కదా, దాన్ని 1919లో లోకానికి చెప్పింది ఎవరనుకున్నారు? మన గిడుగు రామమూర్తి గారు. వాడుకభాష కోసం పోరాడిన మనిషి, సవరల మాట నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాసిన మనిషి. అలాంటాయనకే ఈ పని కూడా తగలడం నాకు భలే నచ్చుతుంది. జనం నోట్లో ఏముందో వినే చెవి ఉన్నవాడికి దిబ్బలో ఏముందో కూడా వినిపిస్తుందేమో. ఇది నా పిచ్చి ఊహ, చరిత్ర కింద జమ కట్టకండి.

జనం జ్ఞాపకాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని ఇక్కడ ఎవరైనా అడ్డు తగలొచ్చు. తగలాలి కూడా. బొజ్జన్నకొండ దగ్గర కనుమనాడు జనం రాళ్ళు విసిరేవారు. అక్కడ బొజ్జలాంటి ఆకారం ఏదో ఉంటే అది రాక్షసుడిదనీ, దాన్ని కొట్టాలనీ. చెప్పీ చెప్పీ ఈమధ్యే మాన్పించారు. కృష్ణా, గుంటూరు వైపు కొన్ని స్తూపదిబ్బలకి 'లంజదిబ్బ' అన్న పేరుండేది, పాత నివేదికల్లోకీ అలాగే ఎక్కింది. అంటే జనం జ్ఞాపకం గంగాజలం కాదు. దేవుణ్ణి దెయ్యంగా మార్చేస్తుంది, ఆరాధనని తిట్టుగా మార్చేస్తుంది. నాకు ఆసక్తి కలిగించేది ఇంకోటి. నమ్మకానికి సంబంధించింది ప్రతిదీ తారుమారైపోయింది. వాడకానికి సంబంధించింది చెక్కుచెదరలేదు. తొట్టి తొట్టిగానే ఉంది, బావి బావిగానే ఉంది.

అందుకే ఆరామాన్ని అర్థం చేసుకోవాలంటే వాడకం నుంచి మొదలుపెట్టాలంటాను.

వాడకం అంటే ఏమిటో నాకు తిట్లతో నేర్పించారు. కాలేజీ రోజుల్లో ఒక తవ్వకం దగ్గర పదిహేను రోజులు పనిచేశాను. పని అంటే పెద్దదేమీ కాదు, తట్టల్లో వచ్చిన కుండపెంకుల్ని నీళ్ళలో కడిగి ఎండబెట్టడం. రెండోరోజు నా తెలివి చూపించాను. గీతలూ రంగూ ఉన్న పెంకుల్ని ఒక పక్కన పెట్టి, ఏ ముచ్చటా లేని అంచుముక్కల్ని మట్టిగుట్ట మీద పారేశాను. సాయంత్రం మా పెద్దాయన చూశాడు. "బొమ్మలుంటే గోడకి తగిలించుకుంటావురా? అంచు లేకపోతే కుండ నోరెంతో నీకెవడు చెప్తాడు?" అని ఆ గుట్టంతా నాచేతే మళ్ళీ ఏరించాడు. తర్వాత కూర్చోబెట్టి చూపించాడు. ఒక అట్ట మీద ఒకదానిలో ఒకటి వలయాలు గీసి ఉంటాయి. అంచుముక్కని బోర్లించి దాని వంపు ఏ వలయంతో కలుస్తుందో చూస్తే పోయిన కుండ మూతి కొలత తెలుస్తుంది. వెడల్పు నోరైతే తినే గిన్నె, ఇరుకు మూతైతే నీళ్ళకుండ, మందపాటి పెద్ద అంచైతే ధాన్యం గాదె లాంటిది. అలా వందల ముక్కలు లెక్కేస్తే ఏ మూల తిన్నారో, ఏ మూల దాచారో తెలుస్తుంది. బొమ్మ ఉన్న పెంకు చెప్పేది ఒక్క కుమ్మరి చేతి గురించి. అంచుముక్కలన్నీ కలిసి ఊరంతా ఏం చేసేదో చెప్తాయి. ఆ పెద్దాయన మీద కోపం పోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు తొట్ల దగ్గరికి వద్దాం. నదికీ చెరువుకీ ఎత్తున, కొండ తలమీద, నలుపక్కలా వాలు. ముందు కనుచూపు మేర నీళ్ళే, ఒక్క గుక్క తాగడానికి పనికిరావు. 72 గదులంటే గదికొక్కణ్ణి లెక్కేసుకున్నా అంతమంది గొంతులు తడవాలి. కాళ్ళు కడుక్కోవాలి, కట్టుకునే చీవరాలు ఉతుక్కోవాలి, పాత్రలు కడుక్కోవాలి. భిక్షువులు ఊళ్ళు తిరగడం మానేసి ఒకేచోట ఉండేది వర్షావాసం మూడు నెలలు. ఆకాశం నీళ్ళిచ్చేదీ అప్పుడే. ఆ వాన వృథాగా కిందికి జారిపోకుండా రాతి మీదే పట్టి ఆపడమే తొట్టి పని. అది ఖొండలైటు రాయి, తూర్పు కనుమల్లో మన వైపంతా ఉండే ఎర్రటి రాయి. ఖోండుల పేరు మీదే దానికా పేరు పెట్టారు. మీరు వెళ్ళినప్పుడు ఒక తొట్టి అంచున కూర్చుని లోపలి గోడ మీద చెయ్యి వేసి చూడండి. గరుగ్గా ఉంటుంది. గదుల గోడలు పేర్చినవి, ఇది తీసేసినది. పేర్చినదాన్ని మళ్ళీ పేర్చొచ్చు. తొలవడంలో పొరపాటు జరిగితే దిద్దుకునే వీల్లేదు.

మరి ఎవరు తొలిచారు? వినయ నియమాలు, అంటే భిక్షువుల నడవడికి పెట్టిన కట్టుబాట్లు, చదివితే ఇక్కడ సరదాగా ఉంటుంది. భిక్షువు నేల తవ్వకూడదు, తవ్వించకూడదు. దోషమే. కానీ నేల అంటే ఏ నేల? దానికీ నిర్వచనం ఉంది. మట్టి నేల 'జాత', అంటే ప్రాణమున్న నేల. ఉత్త రాయి, ఉత్త ఇసుక 'అజాత'. అజాత నేలని తవ్వితే దోషం లేదు. అంటే రాతిలో తొట్టి తొలిపించడం ఆ నియమం కిందికే రాదు! వకీళ్ళు మనకంటే ముందే పుట్టారు. మట్టి తవ్వాల్సి వచ్చినా దారి మూసెయ్యలేదు. "ఇక్కడ తవ్వు" అనకూడదు గానీ "ఇది గమనించు", "ఇది కావాలి", "దీన్ని కప్పియం చెయ్యి" అనొచ్చు. కప్పియం అంటే భిక్షువుకి తగినట్టు చేయడం. అలా చేసిపెట్టే గృహస్థుకి కప్పియకారకుడని పేరు. ఆరామంలో పనులు చూసేవాళ్ళు ఆరామికులు.

తొట్టి చూస్తే నాకు కనిపించేది ఈ మనిషే. ఉలి పట్టింది అతను, రాతిపొడి పీల్చింది అతను. అతను పడుకోవడానికి మాత్రం ఆ 72 గదుల్లో ఒక్కటీ లేదు.

తొట్లకొండలో దొరికినవాటిలో శాతవాహన నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా ఉన్నాయి. గైడ్లు దీన్ని గొంతు పెంచి చెప్తారు, "ఆ రోజుల్లోనే రోముతో వ్యాపారం సార్!" అని. వెంటనే జనంలో ఒక పెంకిఘటం లేచి, సన్యాసులకి డబ్బెందుకండీ అంటాడు. మంచి ప్రశ్నే. బంగారం, వెండి ముట్టుకోవడం భిక్షువులకి నిషేధం. బుద్ధుడు పోయిన నూరేళ్ళకి వైశాలిలో జరిగిన సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, తగువైన పది అంశాల్లో ఇదీ ఒకటి. కాబట్టి నాణెం కనబడగానే "చూశారా, దొంగ సన్యాసులు" అనెయ్యడం తేలిక. నేను అననంటాను. దాత ఇచ్చిన డబ్బుని భిక్షువు ముట్టుకోకుండా పుచ్చుకుని, దాంతో బట్టో బియ్యమో తెచ్చి ఇవ్వడానికి కూడా మళ్ళీ ఆ కప్పియకారకుడే. రోములో అచ్చయిన నాణెం ఏయే చేతులు మారి ఈ కొండకి వచ్చిందో గానీ, చివరి చెయ్యి అతనిదై ఉండటానికే ఎక్కువ అవకాశం.

ఇక్కడ దొరికిన 12 బ్రాహ్మీ శాసనాల ఆధారంగా ఈ ఆరామం పాతపేరు సేనగిరి అయ్యుండొచ్చని పండితులు అంటారు. శాసనాల్లో పేర్లుంటాయి, దానాలుంటాయి. నాగార్జునకొండకి వెళ్తే ఇంకా బాగా కనిపిస్తాయి. అక్కడ చాంతిసిరి లాంటి ఇక్ష్వాకు రాజకుటుంబపు ఆడవాళ్ళు చేసిన దానాలు పేరుపేరునా స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. భట్టిప్రోలులో 1892లో బయటపడ్డ ధాతుకరండాల (ధాతువులు దాచిన భరిణెల) మీద కూడా దాతల పేర్లే. ఇచ్చినవాళ్ళు రాతికెక్కారు. చేసినవాళ్ళు రాయిలో కలిసిపోయారు. అందుకే శాసనాలు చదివి ఆరామం అర్థమైందనుకుంటే, పెళ్ళిపుస్తకంలో కట్నాల చదివింపుల పేజీ చూసి పెళ్ళంతా చూశాననుకున్నట్టు ఉంటుంది.

గోడ లోపల మాత్రమే చూస్తే చాలదని 2000 దశకం మొదట్లో లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తువేత్త ఈ కొండ చుట్టుపక్కల వాలులన్నీ నడిచి సర్వే చేశాడు. తవ్వింది తక్కువ, నడిచింది ఎక్కువ. గోడ బయట పొదల్లో రాళ్ళు పోగేసిన కుప్పలు బోలెడు లెక్కకొచ్చాయి. అవి చచ్చిపోయినవాళ్ళకి సంబంధించినవని ఆయన వాదన. ఆరామం ఎక్కడ కట్టాలో చెప్పే చోట వినయంలో ఒక చక్కటి మాట ఉంది, ఊరికి మరీ దూరమూ కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. భిక్షకి నడిచి వెళ్ళగలగాలి, ఊరి రొద వినపడకూడదు. తొట్లకొండ మీద నిలబడితే ఈ మాట పుస్తకం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఊరు కనిపిస్తుంది, వినపడదు.

సరే, స్తూపాన్ని మరీ తీసిపారేస్తున్నానా? ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన మా చరిత్ర మాస్టారు అదే అన్నారు. "ఒరే, స్తూపం లేకపోతే యాత్రికులు లేరు. యాత్రికులు లేకపోతే దానం లేదు. దానం లేకపోతే నీ తొట్టి ఎవడు తొలిపించేవాడు?" ఒప్పుకుంటున్నాను. ఆ మనుషులకి నడిమధ్యన ఉన్నది స్తూపమే. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలపు సంప్రదాయం ఇక్కడిది. స్వస్తికం, నందిపాదం గుర్తులున్న బుద్ధపాదాలు దొరికాయి. స్తూపమంటే వాళ్ళకి ఆయనే. నా గొడవ వాళ్ళతో కాదు, ఇప్పటి మనతో. మనం స్తూపాన్ని కొలవడానికీ వెళ్ళం, చదవడానికీ వెళ్ళం. ఫొటోలో బాగా పడుతుంది గనక వెళ్తాం. ఫొటోలో బాగా పడాలి గనక దాన్ని మళ్ళీ ఎత్తుగా కడతాం. 2019 అక్టోబరు వానలకి ఆ మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయినప్పుడు పేపర్లలో పెద్ద వార్త, ఊరంతా దిగులు, నేనూ దిగులుపడ్డాను. ఆ వానకే తొట్లు నిండాయి. అది ఎవరూ రాయలేదు, రాయడానికి అందులో వార్తేముంది గనక.

ఎంత కడితే ఎక్కువ కట్టినట్టు, ఎంత వదిలేస్తే నిర్లక్ష్యం అన్నదానికి నా దగ్గర కొలబద్ద లేదు. కానీ వరస తప్పిందని మాత్రం అంటాను. వచ్చినవాడికి మొదట నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చి ఎటు పోయేవో చూపించండి. తర్వాత భోజనశాల, తర్వాత గదులు. ఒక గది గడప దగ్గర నిలబడి లోపల మనిషి ఎటు తలపెట్టి పడుకుని ఉంటాడో ఊహించుకోనివ్వండి. స్తూపం ఆఖరికి. అప్పటికి దాని చుట్టూ తిరగడానికి వాడికి కాళ్ళతో పాటు కారణం కూడా ఉంటుంది.

నీళ్ళ గురించి అమరావతి కథ ఒకటి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. 1790లలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే మనుషులు దీపాలదిన్నె తవ్వి ఇటుకలూ రాళ్ళూ పట్టుకెళ్ళారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి వెళ్ళి చూశాడు. 1816లో మళ్ళీ మనుషుల్తో వచ్చి బొమ్మలు గీయించేనాటికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. శిల్పాలు మెట్లకీ గోడలకీ పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి, మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై, లండను చేరాయి. నాయుడిగారిని తిట్టుకోవడం మనకి అలవాటే, నేనూ తిట్టాను. ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది, ఊరు కట్టేవాడికి మొదట కావలసింది నీళ్ళే గదా అని. తొట్లకొండలో స్తూపం పక్కన నీళ్ళు చూసుకున్నారు, అమరావతిలో స్తూపం పొట్టలోనే చూసుకున్నారు. ఇది సమర్థన కాదు. ఆ చెరువు తవ్విన గునపం మీద నాకింకా కోపమే.

పోయిన నెల వాన వెలిసిన మర్నాడు ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. ఈసారి స్తూపం వైపు తిరగకుండా సరాసరి ఒక తొట్టి దగ్గరికి పోయాను. అక్కడ చీపురుతో ఆకులు ఊడుస్తున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటి బాబూ, ఇటేపొచ్చినావు? చూసీది అటేపున్నాది" అన్నాడు, స్తూపం వైపు గెడ్డం ఎత్తి. "ఇదే చూద్దామనొచ్చాను తాతా" అన్నాను. ఆయనకి నా మీద జాలేసినట్టుంది. చీపురు గోడకి ఆన్చి వచ్చి పక్కన కూర్చున్నాడు. తొట్లో మోకాలి లోతు నీళ్ళు, పైన నాచు తెట్టు, అడుగున ఎండుటాకులు. భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్ళు వడగట్టుకునే గుడ్డ ఒకటి. ప్రాణులున్న నీళ్ళని తెలిసీ వాడితే దోషం. జేబురుమాలు తీసి నాలుగు మడతలు వేసి, వాటరు బాటిలు మూతికి కట్టి తొట్లో ముంచాను. నీళ్ళు గుడగుడమని లోపలికి దిగాయి, తేటగానే ఉన్నాయి. రుమాలు విప్పి ఎండకి పట్టుకుంటే తెల్లగుడ్డ మీద వెంట్రుక ముక్కల్లా ఏడెనిమిది మెలికలు తిరుగుతున్నాయి.

"దోమపిల్లలు బాబూ" అన్నాడు తాత. "మళ్ళీ ఆట్నక్కడే ఒదిలీ."

రుమాలు తిరగేసి నీళ్ళలో జాడించాను.